జీతం లేని డ్యూటీ: అమెరికా షట్‌డౌన్‌లో భద్రత ఎక్కడ జారిపోతుంది

2025 అక్టోబర్ 6, సోమవారం. లాస్ ఏంజెలిస్ పక్కనే ఉన్న బర్బ్యాంక్ విమానాశ్రయంలో సాయంత్రం నాలుగుంపావుకి కంట్రోల్ టవర్ ఖాళీ అయిపోయింది. ఆ షిఫ్ట్‌లో కూర్చోవడానికి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లు లేరు. రాత్రి పదింటిదాకా అదే పరిస్థితి. విమానాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. గాల్లో ఉన్నవాటిని శాన్ డియేగోలోని రాడార్ కేంద్రం దూరం నుంచి చూసుకుంది. నేల మీద మాత్రం పైలట్లే రేడియోలో ఒకరికొకరు చెప్పుకున్నారు: నేను ఫలానా చోటు నుంచి బయల్దేరాను, ఫలానా రన్‌వే వైపు వస్తున్నాను, ఎవరైనా ఉన్నారా అని. టవర్ అంటూ లేని చిన్న చిన్న ఎయిర్‌స్ట్రిప్పుల్లో పైలట్లు పాటించే పద్ధతి ఇది. ఆ సాయంత్రం ఆ పద్ధతిలో తిరిగినవి వంద మందికి పైగా ఎక్కే జెట్ విమానాలు.

అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్ అయి అప్పటికి ఆరు రోజులు. ఆ షట్‌డౌన్ మొత్తం 43 రోజులు నడిచింది. నవంబర్ 12న ట్రంప్ సంతకంతో ముగిసింది. అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో ఇంత పొడవైనది ఇంకోటి లేదు.

షట్‌డౌన్ అనే మాట వినగానే మన బుర్రలో మెదిలేది బంద్. దించిన షట్టర్లు, తాళం వేసిన ఆఫీసులు, ఖాళీ రోడ్లు. ఆ బొమ్మ పట్టుకుని చూస్తే అసలు విషయం అర్థం కాదు. 2025లో సుమారు 6.7 లక్షల మంది ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ, ఉద్యోగులను ఇంటికి పంపారు. అంతకంటే ఎక్కువ మంది, సుమారు 7.3 లక్షల మంది, రోజూ డ్యూటీకి వెళ్లారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకీ జీతం లేదు, డ్యూటీ చేసినవాళ్లకీ లేదు. ఈ రెండో గుంపు సంగతే నన్ను కుదురుగా ఉండనివ్వదు. విమానాలను దారి తప్పకుండా నడిపేవాళ్లు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు తనిఖీ చేసేవాళ్లు, ఫెడరల్ జైళ్ల గార్డులు, తుఫాను హెచ్చరికలు రాసే వాతావరణ శాఖవాళ్లు అందరూ ఇందులోనే ఉంటారు. పని ఎంత ముఖ్యమైతే జీతం లేకుండా చేయాల్సిన అవసరం అంత ఎక్కువ. మామూలు న్యాయానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఇలా ఎందుకు జరుగుతుందో చూడాలంటే ఒక పాత చట్టం దగ్గరికి వెళ్లాలి.

డబ్బుంది, తాళంచెవి లేదు

చట్టసభ (అక్కడ దాని పేరు కాంగ్రెస్) అనుమతి లేకుండా ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా తీయకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. మన రాజ్యాంగంలోనూ ఇలాంటి నియమమే ఉంది, దాని సంగతి తర్వాత. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆ లోపు 12 ఖర్చుల బిల్లులు రెండు సభల్లో పాసై, అధ్యక్షుడి సంతకం పడాలి. అవి వేళకి పూర్తయిన ఏళ్లు చాలా తక్కువ. కాబట్టి పాత ఖర్చులనే కొన్ని వారాలు, కొన్ని నెలలు పొడిగించే తాత్కాలిక బిల్లుతో బండి లాగిస్తుంటారు. ఎగువ సభ అయిన సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కి వెళ్లాలంటే 100 మందిలో 60 మంది ఒప్పుకోవాలి. ఒక్క పార్టీకి అంత బలం దొరకడం అరుదు. అందుకని అవతలి పార్టీ ఏదో ఒక డిమాండ్ పెట్టి బిల్లును ఆపగలదు. 2018 డిసెంబర్‌లో గొడవ మెక్సికో సరిహద్దు గోడకి అడిగిన 570 కోట్ల డాలర్ల గురించి. 2025లో ఆరోగ్య బీమా సబ్సిడీల గురించి. కారణం మారుతుంది, చిక్కు అదే.

ఆ దేశం గురించి అప్పుడప్పుడూ వినిపించే అప్పుల పరిమితి గొడవ వేరు. అది తెచ్చిన అప్పు తీర్చగలరా లేదా అన్న సమస్య. షట్‌డౌన్‌లో ఖజానాలో డబ్బు ఉంటుంది, తీసే అధికారం ఉండదు.

అయితే అధికారం లేని రోజుల్లో ఆఫీసులు మూసేయాలని ఎవరు చెప్పారు? దాదాపు వందేళ్లు ఎవరూ చెప్పలేదు. 19వ శతాబ్దంలో అక్కడి శాఖలకు ఒక అలవాటు ఉండేది. ఏడాది డబ్బును కొన్ని నెలల్లోనే ఖర్చుపెట్టేసి, ఇప్పుడు ఇవ్వకపోతే పనులు ఆగిపోతాయని కాంగ్రెస్ మెడ మీద కత్తి పెట్టేవి. ఉద్యోగుల చేత ఉచితంగా పని చేయించుకుని, తర్వాత వాళ్ల బాకీ తీర్చమని వచ్చేవి. దీన్ని అరికట్టడానికి 1884లో ఒక చట్టం చేశారు, తర్వాత దాన్ని గట్టిపరుస్తూ వచ్చారు. అనుమతి లేని ఖర్చు చేయకూడదు, ఉచిత సేవ తీసుకోకూడదు అన్నది దాని సారం. మీరితే అధికారికి జరిమానా, జైలు కూడా ఉండొచ్చు.

ఆ చట్టం ఉన్నా, బడ్జెట్ ఆలస్యమైన రోజుల్లో ఆఫీసులు కాస్త పొదుపుగా నడుస్తూనే ఉండేవి. ఎలాగూ కాంగ్రెస్ డబ్బు ఇస్తుందిలే అన్న ధీమా. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెటీ చట్టాన్ని అక్షరాలా చదివి, అలా నడపడానికి వీల్లేదని అభిప్రాయం ఇచ్చారు. ఆ ఏడాది మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక రోజు మూతపడింది. ఇప్పుడు మనం షట్‌డౌన్ అంటున్నది అక్కడ మొదలైంది. మరుసటి ఏడాది ఆయనే ఇంకో అభిప్రాయం రాసి, ప్రాణ రక్షణ, ఆస్తి రక్షణకి సంబంధించిన పనులు కొనసాగించవచ్చని మినహాయింపు వివరించారు.

1990లో కాంగ్రెస్ ఆ మినహాయింపుని బిగించింది. రోజువారీగా నడిచే మామూలు పనులు ఆగితే ప్రాణానికో ఆస్తికో తక్షణ ముప్పు లేదనుకుంటే, అవి మినహాయింపులోకి రావు అని రాసింది. ఇక్కడ ‘తక్షణ’ అన్న మాటని గుర్తు పెట్టుకోండి. షట్‌డౌన్‌లో భద్రత జారిపోయే సందు ఇదే.

ఎందుకంటే భద్రత అనేది చాలావరకు తక్షణం కాని పనులతోనే నిలబడుతుంది. ఈ రోజు ఒక ఫ్యాక్టరీలో తనిఖీ జరగకపోతే ఈ రోజే ఎవరూ చనిపోరు. ఈ వారం ఒక ట్రైనింగ్ క్లాసు జరగకపోతే ఈ వారం విమానాలు కూలవు. చట్టం కళ్లకి ఇవన్నీ వాయిదా వేయదగ్గ పనులు. మంటని ఆర్పేవాడు అవసరం, మంట రాకుండా వైర్లు చూసేవాడు మాత్రం ఇంటికి వెళ్లొచ్చు అన్నట్టు. కాబట్టి షట్‌డౌన్ భద్రతని రెండు వైపుల నుంచీ కోస్తుంది. తక్షణం అన్న పనుల్లో ఉన్న మనిషిని జీతం లేకుండా అలిసిపోయేలా చేస్తుంది. తక్షణం కాదన్న పనిని ఆపేస్తుంది.

సమ్మె కూడా చేయలేరు

మన దగ్గర ప్రభుత్వ ఆఫీసులు వారాల తరబడి ఆగిన సందర్భాలు ఉన్నాయి. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఉద్యోగులు, టీచర్లు, సింగరేణి కార్మికులు, బస్సు డ్రైవర్లు తమంతట తాము పని ఆపారు. ఏం పోగొట్టుకుంటున్నామో, ఎందుకు పోగొట్టుకుంటున్నామో వాళ్లకి తెలుసు. రోజుల లెక్కలో అమెరికా షట్‌డౌన్ దానికి ఒక్క రోజే ఎక్కువ, కానీ స్వభావం పూర్తిగా ఎదురు. షట్‌డౌన్‌లో ఉద్యోగి పని చేస్తానంటాడు, ప్రభుత్వం వద్దంటుంది. లేదా పని చెయ్యి, జీతం తర్వాత చూద్దాం అంటుంది.

ఎదురు తిరిగే దారి కూడా లేదు. ఫెడరల్ ఉద్యోగులు సమ్మె చేయడం అక్కడ చట్టవిరుద్ధం. 1981 ఆగస్టులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మెకు దిగితే, అధ్యక్షుడు రీగన్ 48 గంటల గడువిచ్చి, తిరిగి రాని 11 వేల మందికి పైగా కంట్రోలర్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ జ్ఞాపకం ఆ వృత్తిలో ఇంకా చెరగలేదు. కాబట్టి జీతం రాని కంట్రోలర్‌కి మిగిలింది ఒకటే, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టడం. నిజంగా బాగాలేకపోవడమూ ఉంటుంది. రాత్రి ఇంకో పని చేసి వచ్చినవాడికి, పిల్లల డే కేర్ ఫీజు కట్టలేక బిడ్డని ఇంట్లో చూసుకోవాల్సినవాడికి, నిద్ర లేనివాడికి బాగాలేదనేది అబద్ధం కాదు.

ఇంటికి పంపినవాళ్ల పరిస్థితి ఇంకో రకం. ఉచిత సేవ తీసుకోకూడదన్న పాత నియమం వల్ల వాళ్లు ఆఫీసు ల్యాప్‌టాప్ తెరవకూడదు, ఆఫీసు ఫోన్‌లో మెయిల్ చూడకూడదు. సగంలో ఉన్న పని మీద ఎంత మనసున్నా సరే, ముట్టుకుంటే తప్పు.

సున్నా డాలర్ల పే స్లిప్

అక్కడ ఫెడరల్ ఉద్యోగులకు జీతం నెలకి కాదు, రెండు వారాలకి ఒకసారి. 2018–19 షట్‌డౌన్ డిసెంబర్ 22న మొదలై 35 రోజులు నడిచింది. సుమారు 8 లక్షల మందికి జీతాలు ఆగాయి. జనవరి 11న రావాల్సిన జీతం రాలేదు. పే స్లిప్ మాత్రం వచ్చింది. చేసిన గంటలు, ఓవర్‌టైమ్ గంటలు ఉన్నాయి, చివర చేతికి వచ్చే మొత్తం దగ్గర సున్నా. ఆ కాగితాన్ని ఫోటో తీసి కంట్రోలర్లు చాలామంది ఇంటర్నెట్‌లో పెట్టారు. జనవరి 25న రెండో జీతం కూడా అలాగే పోయింది.

కోస్ట్ గార్డ్ సంగతి మరీ బాధాకరం. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం రక్షణ శాఖ కింద ఉంటాయి. ఆ ఏడాది రక్షణ బడ్జెట్ ముందే పాసైంది కాబట్టి వాళ్లకి జీతాలు వచ్చాయి. కోస్ట్ గార్డ్ మాత్రం హోంలాండ్ సెక్యూరిటీ అనే అంతర్గత భద్రతా శాఖ కింద ఉంటుంది. దాంతో యూనిఫారంలో ఉన్న సుమారు 41 వేల మంది జీతం లేకుండా సముద్రం మీద గస్తీ తిరిగారు. షట్‌డౌన్ వల్ల అమెరికా సాయుధ దళంలో ఒక విభాగానికి జీతం అందకపోవడం చరిత్రలో అదే మొదటిసారి. ఆ రోజుల్లో కోస్ట్ గార్డ్ కుటుంబాల కోసం తయారైన ఒక సలహా పత్రం బయటికి వచ్చింది. ఇంట్లో పాత సామాన్లు గరాజ్ సేల్‌లో అమ్ముకోండి, పిల్లల్ని చూసుకునే పనికి వెళ్లండి, ఇరుగుపొరుగు కుక్కల్ని తిప్పండి అని అందులో ఉంది. విమర్శలు రాగానే తీసేశారు. మునిగిపోతున్న పడవలోంచి మనుషుల్ని లాగే పని చేసేవాళ్లకి ఇచ్చిన సలహా అది.

అమెరికాలో జీతాలు ఎక్కువ కదా, నెల రోజులు ఆగలేరా అని మనవాళ్లు అడుగుతుంటారు. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ లైన్‌లో నిలబడి మన బ్యాగులు చూసేవాళ్ల జీతం, ముఖ్యంగా ఆ రోజుల్లో, ఫెడరల్ ఉద్యోగాల్లో కింది మెట్లలోదే. ఇంటి అద్దె, కారు వాయిదా, డే కేర్ పోగా మిగిలేది ఎంతో ఈఎంఐలతో బతికే ఎవరికైనా తెలుసు. డ్యూటీకి వెళ్లడానికి కారులో పెట్రోలు పోయించుకోవాలి, పార్కింగ్ కట్టాలి. జీతం రాని ఉద్యోగానికి వెళ్లడానికి ఎదురు ఖర్చు. 2019 జనవరి 20న, ఆదివారం, దేశమంతటా ఆ సిబ్బందిలో 10 శాతం మంది డ్యూటీకి రాలేదు. ఏడాది ముందు అదే రోజు 3.1 శాతం. అంతకు వారం ముందే మయామీలో విమానాలెక్కే గేట్లుండే ఒక కాన్‌కోర్స్‌ని మధ్యాహ్నాలు మూసేశారు, హ్యూస్టన్‌లో ఒక టెర్మినల్‌లో తనిఖీ లైన్లు ఆపేశారు.

పది మంది రాకపోతే

కంట్రోలర్ల దగ్గర లెక్క ఇంకా సున్నితం. మామూలు రోజుల్లోనే వాళ్లు సరిపడా లేరు. చాలా కేంద్రాల్లో వారానికి ఆరు రోజులు, రోజుకి పది గంటలు తప్పనిసరి డ్యూటీ. ఒక్కో కంట్రోలర్‌కి తన కేంద్రంలోని ఫలానా ఆకాశ భాగం మీదే సర్టిఫికేట్ ఉంటుంది. అట్లాంటాలో ఉన్నవాణ్ని తెచ్చి న్యూయార్క్‌లో కూర్చోబెట్టలేరు. బస్ డిపోలో డ్రైవర్ రాకపోతే ఇంకో డ్రైవర్‌ని పిలిచినంత సులువు కాదు.

ఒక షిఫ్ట్‌లో ఇద్దరు ముగ్గురు తగ్గితే, ఇద్దరు చూసే ఆకాశాన్ని ఒక్కరికి ఇస్తారు. అప్పుడు ఆ ఒక్కరి తెర మీద చుక్కలు రెట్టింపవుతాయి. అలా చేయకుండా ఉండాలంటే ఒకటే మార్గం, విమానాల్ని ఎడం పెంచి పంపడం. రెండు విమానాల మధ్య దూరం పెంచితే గంటకి దిగే విమానాలు తగ్గుతాయి. మనకి బోర్డు మీద ‘డిలేడ్’ అని కనిపించేది ఇదే. ఆలస్యం చూసి విసుక్కుంటాం కానీ, ఆ ఆలస్యమే అప్పటికి మిగిలిన భద్రత. వ్యవస్థ వేగాన్ని వదులుకుని ప్రాణాలు కాపాడుకుంటోందన్నమాట.

2019 జనవరి 25, శుక్రవారం ఉదయం ఇది ఒక్కసారిగా బయటపడింది. వాషింగ్టన్ దగ్గర, వర్జీనియాలోని లీస్‌బర్గ్ కేంద్రంలో, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ కేంద్రంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది కంట్రోలర్లు ఆ రోజు రాలేదు. తూర్పు తీరం ఆకాశంలో పెద్ద భాగాన్ని ఆ రెండు కేంద్రాలే చూసుకుంటాయి. న్యూయార్క్ లాగార్డియాకి వచ్చే విమానాల్ని ఆపేశారు. నెవార్క్, ఫిలడెల్ఫియాల్లో ఆలస్యాలు పేరుకున్నాయి. ఆ రోజు మధ్యాహ్నమే ట్రంప్ ప్రభుత్వాన్ని తెరవడానికి ఒప్పుకున్నారు. 35 రోజులు ఎన్ని ఉపన్యాసాలు చేసినా కదలని వ్యవహారం, కొద్దిమంది మనుషులు కుర్చీల్లో లేకపోయేసరికి కొన్ని గంటల్లో కదిలింది. ఇంకే కారణాలు కలిశాయో గానీ, ఆ ఉదయం లేకుండా ఆ మధ్యాహ్నం వచ్చేదని నేను అనుకోను.

2025లో ప్రభుత్వం ఆ పరిస్థితి దాకా రాకుండా ముందే బ్రేకు వేసింది. నవంబర్ 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాల్ని 4 శాతం తగ్గించమని ఆదేశించారు. తర్వాత 6 శాతానికి పెంచారు, 10 శాతం దాకా వెళ్తామన్నారు. డాలస్, చికాగో, అట్లాంటా, నెవార్క్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి బయల్దేరే అమ్మానాన్నలు అమెరికాలో మొదట దిగేది ఎక్కువగా ఈ ఊళ్లలోనే. యునైటెడ్ లాంటి ఎయిర్‌లైన్లు అంతర్జాతీయ విమానాలు ఉంచి, చిన్న ఊళ్లకి వెళ్లే కనెక్షన్లు కోశాయి. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లు ఎక్కాల్సింది ఆ రెండో విమానమే.

ఎవరికీ కనిపించని ఖాళీలు

ఎయిర్‌పోర్టులో క్యూ అందరికీ కనిపిస్తుంది, టీవీలో వస్తుంది. జరగని తనిఖీకి మాత్రం ఫోటో ఉండదు. నాకు ఇదే ఎక్కువ భయం.

ఆహారం సంగతి తీసుకోండి. అమెరికాలో మాంసం, కోడిమాంసం ఫ్యాక్టరీల్లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఉంటేనే పని నడవాలి. అందుకని వాళ్లు షట్‌డౌన్‌లోనూ జీతం లేకుండా పని చేస్తారు. కూరగాయలు, పండ్లు, చేపలు, బిస్కెట్లు, పిల్లల పాలపొడి లాంటి మిగతా ఆహారాన్ని చూసేది ఎఫ్‌డీఏ. దేశంలో తినేదాంట్లో దాదాపు 80 శాతం దాని కిందే ఉంటుంది. 2019 జనవరిలో ఆ సంస్థ దేశంలోని ఫ్యాక్టరీల్లో వారానికి సుమారు 160 చొప్పున చేసే మామూలు తనిఖీలు ఆపేసింది. అందులో మూడోవంతు, కలుషితమయ్యే ప్రమాదం ఎక్కువున్న ఆహారాలు తయారుచేసే చోట్లు. కొన్ని రోజులకి అప్పటి అధిపతి స్కాట్ గాట్లీబ్ ఆ మూడోవంతు కోసం ఇన్‌స్పెక్టర్లను వెనక్కి రప్పించారు. వాళ్లూ జీతం లేకుండానే వచ్చారు.

2013 అక్టోబర్‌లో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. ఆ షట్‌డౌన్ 16 రోజులు. అంటువ్యాధుల్ని కనిపెట్టే సంస్థ సీడీసీలో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. ఆ సమయంలోనే కాలిఫోర్నియా కోడిమాంసం నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పాకుతోంది. ఒక రాష్ట్రంలో నలుగురికి, ఇంకో రాష్ట్రంలో ఆరుగురికి వాంతులు, విరేచనాలు వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ రోగుల్లో దొరికిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ గుర్తుల్ని దేశమంతటి నుంచీ తెచ్చి ఒకచోట పోల్చి చూస్తేనే, ఇదంతా ఒకే మూలం నుంచి వస్తోందని తెలుస్తుంది. అలా పోల్చే నిపుణులు ఇంట్లో ఉన్నారు. జబ్బు తీవ్రంగా ఉందని అర్థమయ్యాక వాళ్లలో కొందర్ని వెనక్కి పిలిచారు. ఆ వ్యాప్తి అంతా ముగిసేసరికి లెక్క తేలింది 29 రాష్ట్రాలు, ప్యూర్టోరికోలో కలిపి 634 మంది. షట్‌డౌన్‌కి ముందే మొదలైన వ్యాధి అది, మొత్తం నింద షట్‌డౌన్ మీద వేయడం న్యాయం కాదు. కానీ అందరికంటే ముందు కళ్లు తెరిచి ఉండాల్సిన సమయంలో కళ్లు మూసి ఉన్నాయి. అప్పుడు చట్టం ప్రకారం ఆ పని ‘తక్షణం’ కాదు. అయ్యాక మాత్రమే తక్షణమైంది.

అదే నెలలో వాషింగ్టన్ మెట్రో రైలు సొరంగంలో పట్టాల పని చేస్తున్న ఒక కాంట్రాక్ట్ కార్మికుడు ప్రమాదంలో చనిపోయాడు. రవాణా ప్రమాదాల్ని దర్యాప్తు చేసే ఫెడరల్ బోర్డు మామూలుగా అయితే వెళ్లేది. దాని దర్యాప్తు అధికారులు ఇంట్లో ఉన్నారు, వెళ్లలేదు. ప్రమాదం జరిగిన చోటు ఆనవాళ్లు కొన్ని గంటలే ఉంటాయి. విరిగిన లోహం తుప్పు పడుతుంది, చూసినవాళ్ల జ్ఞాపకం మసకబారుతుంది. వారాల తర్వాత వెళ్తే ఎందుకు జరిగిందో తేలదు, మళ్లీ జరగకుండా ఏం చేయాలో కూడా తేలదు.

ఇలాంటివి ఇంకెన్నో. 1995–96 శీతాకాలంలో విషపదార్థాల్ని శుభ్రం చేసే పనులు 609 చోట్ల ఆగాయి. 2019 జనవరిలో ఎఫ్‌బీఐ ఏజెంట్ల సంఘం ఒక నివేదిక విడుదల చేసి, తమకు సమాచారం ఇచ్చేవాళ్లకి చెల్లించే డబ్బు లేక కేసులు చేజారుతున్నాయని చెప్పింది. ఆ నెలలోనే ప్రభుత్వ వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికేట్లు 80కి పైగా గడువు తీరిపోయాయి, రెన్యూ చేసే మనిషి లేక. చిన్న పనే, పది నిమిషాలది. 2025 అక్టోబర్ 20న అణ్వాయుధాల నిల్వల్ని చూసుకునే సంస్థలో సుమారు 1,400 మందిని ఇంటికి పంపారు. 2000లో ఆ సంస్థ పుట్టినప్పటి నుంచి అలా జరగడం అదే మొదటిసారి. ఆయుధాలకు కాపలా ఉంది. కాపలా కాసే కాంట్రాక్టర్ల పనిని పర్యవేక్షించేవాళ్లు తగ్గారు.

తర్వాత ఇస్తారు కదా?

ఇస్తారు. 2019 జనవరిలో చేసిన చట్టం ప్రకారం షట్‌డౌన్ ముగిశాక ఫెడరల్ ఉద్యోగులందరికీ, ఇంట్లో కూర్చున్నవాళ్లతో సహా, ఆగిన జీతం ఇవ్వాలి. 2025 అక్టోబర్‌లో ఆ హామీ ఇంట్లో ఉన్నవాళ్లకి వర్తించకపోవచ్చని వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు నుంచి ఒక ముసాయిదా మెమో బయటికి వచ్చింది. అదే నెలలో వేలమందికి ఉద్యోగాల నుంచి తొలగింపు నోటీసులు కూడా వెళ్లాయి. నవంబర్‌లో ప్రభుత్వాన్ని తెరిచిన బిల్లు ఆ నోటీసుల్ని రద్దు చేసి, జీతం ఇస్తామని రాసింది. కానీ ఆ 43 రోజులూ ఉద్యోగి మోసిన టెన్షన్‌లో ఈ భయం కూడా కలిసింది. ఇంతకుముందు షట్‌డౌన్‌లో జీతం ఆలస్యమవుతుందని భయం, ఈసారి అసలు వస్తుందా, ఉద్యోగం ఉంటుందా అని.

ఆలస్యంగా వచ్చిన జీతం, క్రెడిట్ కార్డు మీద పడిన వడ్డీని తిరిగి ఇవ్వదు. అద్దె ఆలస్యమైనందుకు కట్టిన ఫైన్ తిరిగి రాదు. దేశం మొత్తం మీద చూస్తే, 2025లో ఆరు వారాల షట్‌డౌన్‌కి ఎప్పటికీ తిరిగిరాని నష్టం 1,100 కోట్ల డాలర్లు ఉంటుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా వేసింది.

ఫెడరల్ భవనాల్లో ఊడ్చేవాళ్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు, మ్యూజియంల దగ్గర సెక్యూరిటీ గార్డులు చాలామంది కాంట్రాక్ట్ కంపెనీల మనుషులు. వాళ్లకి ఆ చట్టం వర్తించదు. పోయిన జీతం పోయినట్టే. వాళ్లకూ ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టారు, 2025 షట్‌డౌన్ నాటికీ ఏదీ చట్టం కాలేదు. మన ఊళ్లలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే పారిశుధ్య కార్మికుల జీతాల సంగతి తెలిసినవాళ్లకి ఈ వ్యత్యాసం కొత్తగా అనిపించదు.

మనవాళ్లకి తగిలిన దెబ్బ

హెచ్1బీ దరఖాస్తుకి మొదటి మెట్టు అమెరికా కార్మిక శాఖ ఇచ్చే ఎల్‌సీఏ, అంటే జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే హామీకి ఆమోదం. గ్రీన్ కార్డుకి చాలామందికి మొదటి మెట్టు అదే శాఖ చూసే పెర్మ్, అంటే ఆ ఉద్యోగానికి అక్కడివాళ్లు దొరకలేదని తేల్చే ధ్రువీకరణ. 2025 అక్టోబర్ 1న ఆ విభాగం పని ఆపేసింది, అక్టోబర్ 31న మళ్లీ తెరిచింది. వీసా ఫీజులతో నడిచే ఇమిగ్రేషన్ ఆఫీసు పని చేస్తూనే ఉంది, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూలూ ఆగలేదు. అంటే చివరి గుమ్మం తెరిచే ఉంది, మొదటి గుమ్మం మూసి ఉంది. ఉద్యోగం పోయి, 60 రోజుల్లో కొత్త కంపెనీ చూసుకోవాల్సిన కుర్రవాడికి ఆ 30 రోజులు ఎలా గడిచుంటాయో ఊహించండి. కొత్త కంపెనీ సరే అన్నా, ఎల్‌సీఏ లేనిదే పిటిషన్ వేయలేరు. గడియారం మాత్రం ఆగదు.

మనకెందుకు రాదు

మన రాజ్యాంగంలో 114వ అధికరణం కూడా చట్టసభ అనుమతి లేనిదే సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా, నుంచి డబ్బు తీయొద్దంటుంది. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, 116వ అధికరణం ఓట్ ఆన్ అకౌంట్‌కి దారి చూపింది. రాష్ట్రాలకి 206. బడ్జెట్ ఆలస్యమైతే కొన్ని నెలల ఖర్చుకి ముందే అనుమతి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల ఏడాదిలో ఇదే జరిగింది. ఫిబ్రవరిలో తీసుకున్న అనుమతి జూలైతో అయిపోయింది, ఆ తర్వాత నవంబర్ దాకా ఆర్డినెన్స్‌తో నడిపారు, నవంబర్ 11న పూర్తి బడ్జెట్ పెట్టారు. ప్రభుత్వం మారినా ఒక్క ఆఫీసుకీ తాళం పడలేదు.

రెండోది అసలు విషయం. మన దగ్గర ప్రభుత్వం నడిపేవాళ్లే సభలో మెజారిటీ. ఖర్చుల బిల్లు ఓడిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి. పదవులు పోయేది మంత్రులకి. అమెరికాలో అధ్యక్షుడూ సభ్యులూ ఎవరి గడువు వారిది, బిల్లు ఓడినా ఎవరి కుర్చీ కదలదు. పైగా కాంగ్రెస్ సభ్యుల జీతాలు షట్‌డౌన్‌లో కూడా వస్తూనే ఉంటాయి. తప్పు చేసినవారికి తగలాల్సిన దెబ్బ వారికి తగలక, టవర్‌లో కూర్చున్నవాడికి తగులుతుంది. మన దగ్గర ఒకటో తారీఖు జీతం పడక ఇబ్బంది పడ్డ రోజులు లేకపోలేదు. ఆ రోజుల్లో అడగడానికి ఒక ప్రభుత్వం ఉంటుంది. అక్కడ రెండు పార్టీలూ ఒకరి మీదకి ఒకరు వేలు చూపిస్తాయి.

పాత ఖర్చులు వాటంతట అవే కొనసాగేలా చట్టం చేయాలని అక్కడ ఎన్నో ఏళ్లుగా ప్రతిపాదనలు ఉన్నాయి. కంట్రోలర్ల జీతాలకైనా విమాన టికెట్ల మీద పన్నుతో నిండే నిధి నుంచి ఇవ్వమని ఇంకొన్ని. బిల్లుని ఆపి పట్టుకోవడమే పార్టీల చేతిలో బేరం ఆయుధం కాబట్టి, దాన్ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధపడలేదు.

ఓక్లహామా సిటీలో కంట్రోలర్లకి శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది. కొత్తగా చేరేవాళ్లలో ఎక్కువమంది అక్కడ కొన్ని నెలలు చదివి, తర్వాత తమ కేంద్రంలో సీనియర్ పక్కన కూర్చుని రెండు మూడేళ్లు నేర్చుకుంటే గానీ ఒంటరిగా మైకు పట్టుకోనివ్వరు. 2018 డిసెంబర్‌లో ఆ అకాడమీని మూసేశారు, శిక్షణ ‘తక్షణ’ అవసరం కాదు కాబట్టి. 35 రోజుల తర్వాత తెరిచినా, ఆ ఏడాది తీసుకోవాలనుకున్నంత మందిని తీసుకోలేక లక్ష్యం తగ్గించుకున్నారు. ఆ క్లాసుల్లో కూర్చోవాల్సినవాళ్లు అనుకున్న వేళకి చేరి ఉంటే, 2025 అక్టోబర్ నాటికి పూర్తి స్థాయి కంట్రోలర్లు అయి ఉండేవాళ్లు.